కంచె పక్కన కలబంద పొద: పువ్వు ఎందుకు రావట్లేదు, ఆ గడ్డలేంటి?

ప్రశ్న: నమస్తే అండీ. మేము కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఇల్లు కొనుక్కుని మూడేళ్ళయింది. బ్యాక్‌యార్డ్‌లో కంచె పక్కన మనిషెత్తు పొద ఒకటి ఉంది, ఆకులు కలబందలాగే ఉన్నాయి కానీ మొక్క మాత్రం చెట్టులా కొమ్మలేసి పెరిగింది. పక్కింటావిడ ఇది చలికాలంలో ఎర్రగా పూసేదని చెప్తారు, మాకు మాత్రం కంచెకి అటువైపు రెండు మూడు కంకులు తప్ప ఏం రాలేదు. ఎండాకాలంలో ఆకులు ఎర్రబడుతుంటే స్ప్రింక్లర్ టైం పెంచాం. గార్డెనర్ ప్రతి అక్టోబర్‌లో ట్రిమ్మర్‌తో గుండ్రంగా కట్ చేసి వెళ్తాడు. ఈమధ్య కొన్ని కొమ్మల చివర కాలీఫ్లవర్ లాంటి గడ్డలు వస్తున్నాయి. మా అత్తయ్యగారు విజయవాడ నుంచి వచ్చారు, ఇది కలబందే, జుట్టుకి పెట్టుకుందాం, జ్యూస్ తాగుదాం, వెళ్ళేటప్పుడు నాలుగు కొమ్మలు పట్టుకెళ్తాను అంటున్నారు. ఏం చెయ్యమంటారు? ఫొటోలు పంపుతున్నాను.

సమాధానం: నమస్తే అండీ. ఫొటోలు అన్నీ చూశాను, రెండోది అయితే జూమ్ చేసి మళ్ళీ మళ్ళీ చూశాను ఎందుకంటే మీ ప్రశ్నకి సమాధానం ఆ ఫొటోలోనే ఉంది. మీ వైపు కొమ్మలన్నీ ఒకే ఎత్తులో తెగి ఉన్నాయి, కొసలు ఎండి బ్రౌన్ రంగులో ఉన్నాయి, వాటి పక్కనుంచి చిన్న చిన్న పిలకలు వస్తున్నాయి. కంచెకి అటు పక్క ట్రిమ్మర్ అందని చోట మాత్రం ఆకుల గుత్తులు నిండుగా విప్పారి ఉన్నాయి, పోయిన చలికాలం పూసిన కంకుల ఎండు కాడలు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. ఒకటే మొక్క, ఒకటే మట్టి, ఒకటే నీళ్ళు, అటు పూసింది ఇటు పూయలేదు. అంటే పువ్వు రాకపోవడానికి కారణం జబ్బు కాదు, పువ్వుల్ని ప్రతి ఏడాదీ మనమే కోయించేస్తున్నాం.

ఇది అలో ఆర్బోరెసెన్స్ అండీ, కలబంద జాతిదే కానీ మన పెరట్లో ఉండే కలబంద కాదు. పుట్టిల్లు ఆఫ్రికా దక్షిణ భాగం, సౌత్ ఆఫ్రికా తూర్పు వైపు కొండలూ సముద్ర తీరం, ఇంకా జింబాబ్వే, మొజాంబిక్, మలావీ. అక్కడ రాతి గట్ల మీద పొదలు పొదలుగా పెరుగుతుంది. పశువుల దొడ్ల చుట్టూ దీని కొమ్మలు పాతి కంచె వేసేవాళ్ళు, మన దగ్గర చేల గట్ల మీద కిత్తనార వేసినట్టు, దొడ్లు పోయినా ఆ కలబంద వరసలు మిగిలిపోయిన చోట్లు ఇప్పటికీ ఉన్నాయంట. అంత గట్టి మొక్క. మామూలు కలబంద నేలకి అంటుకుని మొదలు దగ్గర పిలకలు వేస్తుంది, పసుపు పువ్వు పూస్తుంది, ఆకు మందంగా గుజ్జుతో ఉంటుంది. ఇది అలా కాదు, మాను కట్టి కొమ్మలేస్తుంది, ఆరు నుంచి పది అడుగుల దాకా వెళ్తుంది, ఆకు సన్నగా పొడుగ్గా వంపు తిరిగి అంచుల్లో లేత రంగు పళ్ళతో ఉంటుంది, గుజ్జు తక్కువ.

సౌత్ ఆఫ్రికాలో ఇది పూసేది మే నుంచి జూలై, అంటే వాళ్ళ చలికాలం. కాలిఫోర్నియాలో ఆ లెక్క తిరగబడి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పూస్తుంది. కానీ పువ్వు డిసెంబర్‌లో కనపడుతుంది అంటే దాని పని అంతకు ముందే, శరదృతువులోనే మొదలైపోయి ఉంటుంది. అక్టోబర్, నవంబర్‌లో ఒక మంచి ఎండ రోజు నిండుగా ఉన్న ఒక గుత్తిని పైనుంచి చూడండి, ఆకుల మధ్యలో వేలు లావున పచ్చగా మొనదేలిన మొగ్గ, పైన పొలుసులు పొలుసులుగా కప్పుకుని, ముందు కొత్త ఆకేమో అనుకుంటాం కానీ ఆకుకి ఉన్నట్టు అంచుల్లో పళ్ళుండవు. రోజులు గడిచేకొద్దీ అది పైకి సాగి కాడ అవుతుంది, పొలుసుల కింద నుంచి సన్నటి గొట్టాల్లాంటి మొగ్గలు బయటకి వస్తాయి, కింద వరస ముందు ఎర్రబడి కిందకి వాలుతుంది, పైన ఉన్నవి ఇంకా ఆకుపచ్చగానే ఉంటాయి, అలా కింద నుంచి పైకి ఒక్కో వరసా విప్పుకుంటూ వారాల తరబడి పూస్తుంది. సరిగ్గా ఆ మొగ్గ బయటపడే టైంకే మీ గార్డెనర్ వచ్చి గుండ్రంగా కొట్టేసి పోతున్నాడు. పువ్వు వచ్చేది ఆ గుత్తి నడుమ నుంచే, గుత్తి తల తెగితే ఆ కొమ్మకి ఆ ఏడాది పువ్వు లేనట్టే, పక్కనుంచి వచ్చిన పిలక పెద్దయి పూయడానికి ఇంకో ఏడాదో రెండేళ్ళో పడుతుంది, ఈలోపు మళ్ళీ అక్టోబర్ వస్తుంది, మళ్ళీ ట్రిమ్మర్ వస్తుంది. మూడేళ్ళుగా జరుగుతున్నది ఇదే.

కాబట్టి మొదటి పని, గార్డెనర్‌కి ఈ మొక్క జోలికి రావద్దని గట్టిగా చెప్పండి, వీలైతే ఒక బోర్డు కట్టండి, నేను నిజంగానే అంటున్నాను, ఎందుకంటే వాళ్ళు నెలకోసారి హడావిడిగా వస్తారు, పోయినసారి చెప్పింది గుర్తుండకపోవచ్చు. దీన్ని హెడ్జ్ లాగా గుండ్రంగా చెక్కే మొక్కగా చూడకూడదు. కత్తిరించాలంటే పూత అయిపోయాక, అంటే ఫిబ్రవరి చివరో మార్చిలోనో, చేతి కత్తెరతో లేదా చిన్న రంపంతో కొమ్మ కొమ్మ చూసుకుంటూ కోయాలి. ఎండిపోయిన పూకాడలు మొదలుదాకా కోసి తీసేయండి. దారికి అడ్డం వచ్చిన కొమ్మ ఉంటే, దాని మీద పక్క పిలక ఎక్కడుందో చూసి, ఆ పిలకకి కొంచెం పైన కోయండి, అప్పుడు మోడు మిగలదు, ఆ పిలకే కొమ్మవుతుంది. పొద మరీ దట్టంగా ఉంటే ఒక్క ఏడాదే మొత్తం తగ్గించకుండా ఏటా మూడోవంతు ముసలి కొమ్మలు తీసుకుంటూ పోండి, మిగతావి పూస్తూ ఉంటాయి. కింద వేలాడే ఎండాకులు కూడా అప్పుడప్పుడూ లాగేయాలి, ఆ ఎండాకుల చాటున నత్తలు గుంపులుగా కాపురం పెడతాయి, రాత్రి పూట టార్చ్ వేసి చూస్తే తెలుస్తుంది. చేత్తో ఏరేస్తే సరిపోతుంది, ఎక్కువుంటే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లండి. చేతులకి గ్లవ్స్, ఫుల్ హ్యాండ్స్ షర్ట్ తప్పనిసరి, ఆ పళ్ళు చూడ్డానికి మెత్తగా కనపడతాయి కానీ గీసుకుంటే మంట పెడుతుంది.

ఇక గడ్డల సంగతి. ఇది ఆలస్యం చెయ్యకూడని విషయం అండీ, పువ్వు సంగతి ఒక ఏడాది ఆగొచ్చు, ఇది ఆగదు. ఫొటోలో ఆకుల మొదట్లో బుడిపెలు బుడిపెలుగా, ఆకుపచ్చ ఆరెంజ్ కలిసిన రంగులో కనపడుతున్నది అలో మైట్ పని. కంటికి కనపడనంత చిన్న పురుగు, లేత ఆకుల సందుల్లో చేరి రసం పీలుస్తుంది, దాంతో ఆ చోట కణాలు అదుపు తప్పి పెరిగి ఇలా గడ్డలు కడతాయి, పురుగు ఆ గడ్డ మడతల్లోనే భద్రంగా దాక్కుంటుంది. అందుకే పైన మందు కొట్టినా, వేపనూనె కొట్టినా లోపలున్న దానికి పెద్దగా అందదు. గాలికి కొట్టుకుపోయి పక్క మొక్కకి వెళ్తుంది, కత్తెర అంచుకి అంటుకుని కూడా వెళ్తుంది, ఒకే ట్రిమ్మర్‌తో నాలుగిళ్ళ కలబందలు కోసే గార్డెనర్ చేతిలో అయితే ఇంకా తొందరగా వెళ్తుంది. కాలిఫోర్నియాలో ఇది చాలా మామూలు, మీ ఇంటి ఒక్కదానికే వచ్చింది కాదు, కంగారు పడకండి.

చెయ్యాల్సింది కోసేయడమే. గడ్డ వరకే గీకి ఊరుకోకుండా దాని కింద నాలుగైదు అంగుళాలు, కోసిన చోట లోపలి భాగం శుభ్రంగా కనపడేదాకా కోయండి. ఒక పెద్ద గార్బేజ్ బ్యాగ్ దగ్గర పెట్టుకుని కోసిన ముక్క కోసినట్టు అందులో వేసి మూతి కట్టి చెత్త డబ్బాలో వెయ్యండి, యార్డ్ వేస్ట్‌లో వద్దు, కంపోస్ట్‌లో అసలే వద్దు. ప్రతి కోతకీ మధ్యలో బ్లేడ్‌ని 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి, విసుగ్గా ఉంటుంది కానీ ఈ ఒక్క దాంట్లో షార్ట్‌కట్ లేదు. గాలి లేని రోజు చూసుకుని ఆ పని పెట్టుకోండి. తర్వాత రెండు మూడు నెలలు వారానికోసారి కొత్త చిగుళ్ళు చూస్తూ ఉండండి, మళ్ళీ ఎక్కడైనా గరుగ్గా బుడిపె లేస్తుంటే వెంటనే తీసేయండి. పూల కాడకి కూడా పడుతుంది, కాడ వంకరపోయి ముద్దగా వస్తే అది పూస్తుందేమో అని ఆశ పెట్టుకోవద్దు, తీసేయండి. మీ పొదలో నాకు కనపడింది ఐదారు కొమ్మలే, ఇప్పుడు పట్టుకుంటే మొక్క మొత్తం దక్కుతుంది.

ఆకులు ఎర్రబడటం మాత్రం జబ్బు కాదు, దానికి మీరు నీళ్ళు పెంచడమే ఇబ్బంది తెచ్చింది. ఎండ గట్టిగా తగిలినా, నీళ్ళు తగ్గినా, చలి పెరిగినా ఈ మొక్క ఆకు ఎర్రరంగు తెచ్చుకుంటుంది, ఎండ నుంచి తనని తను కాపాడుకునే పద్ధతి అది. ఆకు పట్టుకుని చూడండి, గట్టిగా ఉంటే పర్లేదు. ముడుచుకుని పల్చబడి అంచులు లోపలికి వంగితే అప్పుడు దాహం అని అర్థం. అదే మెత్తబడి పసుపు రంగుకి తిరిగి ఆకు మొదట్లో నీరుకారుతుంటే నీళ్ళు ఎక్కువయ్యాయి అని అర్థం, అది ప్రమాదం. నీళ్ళే వద్దని కూడా నేను అనను, కొందరు ఇది ఎడారి మొక్క అని చెప్పి చుక్క నీళ్ళు పొయ్యనివ్వరు, అది సరికాదు, దీని సొంతూళ్ళో తూర్పు వైపు వేసవిలోనే వానలు పడతాయి. మన శాన్ హోసేలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు వానే ఉండదు కదా, కాబట్టి ఆ నాలుగు నెలలు రెండు మూడు వారాలకోసారి మొక్క మొదలు దగ్గర నెమ్మదిగా లోతుకి దిగేలా నీళ్ళు పెట్టండి, ఆకు కూడా నిండుగా ఉంటుంది. నవంబర్ నుంచి వానలు మొదలయ్యాక పూర్తిగా ఆపేయండి. లాన్‌కి వేసే స్ప్రింక్లర్ మాత్రం దీని మీద పడకుండా తల తిప్పించండి, రోజూ పైపైన తడుస్తూ, కింద బంకమట్టి ఆరకుండా ఉంటే వేరు కుళ్ళుతుంది. ఎరువు దాదాపు అక్కర్లేదు, లాన్‌కి వేసే నైట్రోజన్ ఎరువు దీని దాకా పోతే ఆకులు ఏపుగా వస్తాయి, పువ్వు తగ్గుతుంది. ఎండ మాత్రం రోజుకి ఆరు గంటలైనా ఉండాలి, మీ కంచె దక్షిణం వైపు చూస్తోంది కాబట్టి ఆ బాధ లేదు.

చలి సంగతి పెద్దగా భయపడక్కర్లేదు. పెద్ద మొక్క 25 ఫారెన్‌హీట్ దగ్గర దాకా ఓర్చుకుంటుంది, కానీ లేత పూమొగ్గలు అంత ఓర్చుకోలేవు, ఫ్రాస్ట్ పడితే నల్లబడిపోతాయి. 32 కిందకి పోతుందని ఫోర్‌కాస్ట్ చూపించిన రాత్రి ఫ్రాస్ట్ క్లాత్ గానీ పాత దుప్పటి గానీ కప్పి పొద్దున తీసేయండి, ప్లాస్టిక్ నేరుగా ఆకులకి తగిలేలా కప్పొద్దు.

ఇప్పుడు అత్తయ్యగారి మాట. ఆవిడకి కోపం రాకుండా చెప్పాలంటే, ఈ మొక్క కూడా మందు మొక్కే, జపాన్‌లో ఇళ్ళల్లో దీన్ని కుండీల్లో పెంచుకుని కాలిన గాయాలకి అవీ వాడటం చాలాకాలంగా ఉంది, కాబట్టి ఆవిడ అన్నది మరీ తీసిపారేసే మాట కాదు. జుట్టుకి పెట్టుకోవాలంటే ఆకు కోసి కాసేపు నిలువుగా ఆనించి పసుపు పసరు కారిపోనిచ్చి, కడిగి, తొక్క తీసి, లోపలి గుజ్జు ముందు ముంజేతి మీద కొంచెం రాసి ఒక రోజు చూసి, దురద లేకపోతే వాడుకోమనండి. అయితే గుజ్జు చాలా తక్కువ వస్తుంది, ఒక తలకి ఎన్ని ఆకులు కోయాలో చూస్తే ఆవిడే వద్దంటారు. జ్యూస్ మాత్రం వద్దండీ. ఆ పసుపు పసరులో అలోయిన్ ఉంటుంది, గట్టి విరేచనకారి, కడుపు మెలిపెట్టేస్తుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. విరేచనాల మందుల్లో ఈ పసరు వాడటం సురక్షితమని తేల్లేదని అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే మందుల్లోంచి దాన్ని తీసేయించింది. పెద్దవాళ్ళు బీపీకి నీరు పోయే మాత్రలు, గుండె మాత్రలు వేసుకుంటుంటే ఇంకా ప్రమాదం, గర్భిణులు అసలు తాగకూడదు. తాగాలని మరీ ఉంటే డాక్టర్‌ని అడిగి, పసరు తీసేసిన షాపు కలబంద జ్యూస్ చూసుకోమనండి, మీ పెరట్లోది కాదు. మీ ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే అవి ఈ ఆకు నమలకుండా కూడా చూసుకోండి, వాటికి ఇది పడదు.

విజయవాడకి కొమ్మలు పట్టుకెళ్ళడం, ఇది ఇంకా ఖచ్చితంగా చెప్పాల్సిన విషయం. కలబందల్లో మామూలు కలబంద ఒక్కదానికే మినహాయింపు ఉంది, మీ మొక్కతో సహా మిగతా అలో జాతులు దాదాపు అన్నీ అంతరించే మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో జాబితాలో ఉన్నాయి, అంటే దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. దానికి తోడు ఇండియాలోకి మొక్క గానీ కొమ్మ గానీ తేవాలంటే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఇంపోర్ట్ పర్మిట్, ఇక్కడి నుంచి మొక్కకి తెగుళ్ళు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. సూట్‌కేస్‌లో చీరల మధ్య చుట్టి పెట్టుకెళ్తే ఎయిర్‌పోర్ట్‌లో పెద్దావిడ ఇబ్బంది పడతారు. అదొక్కటే కాదు, మీ మొక్కకి మైట్ ఉంది, ఆ కొమ్మతో పాటు పురుగుని కూడా మన ఊళ్ళో దింపినట్టవుతుంది, అక్కడ ఎంతమంది రైతులు కలబంద వేసుకుని బతుకుతున్నారో ఆవిడకి చెప్పండి, తప్పకుండా అర్థం చేసుకుంటారు. కోస్తాలో వానాకాలం తేమకి, నీళ్ళు నిలిచే నల్లమట్టికి ఇది అంత సుఖపడదు కూడా. ఆవిడకి కావాల్సింది గుజ్జే కాబట్టి విజయవాడలో ఏ నర్సరీలో అడిగినా మామూలు కలబంద ఇస్తారు.

ఆవిడకి కొమ్మ నాటాలని సరదాగా ఉంటే మీ పెరట్లోనే నాటించండి, దీనంత తేలిగ్గా బతికే మొక్క తక్కువ. గడ్డలకి దూరంగా ఉన్న, కంచె అవతలి వైపు శుభ్రమైన కొమ్మ చూసుకుని ఏప్రిల్ నుంచి జూన్ లోపు అడుగు పొడవు కోయండి, కింద నాలుగైదు అంగుళాల ఆకులు తీసేయండి, నీడలో గాలి తగిలే చోట వారం పది రోజులు అలా పడేయండి, కోసిన చోట ఎండి పొర కట్టాలి, అది కట్టకుండా నాటితే కుళ్ళిపోతుంది. కుండీ అయితే కింద కన్నం ఉన్న మట్టి కుండీ, సగం పాటింగ్ మిక్స్ సగం ప్యూమిస్ గానీ పెర్లైట్ గానీ (నీళ్ళు నిలవనివ్వని తేలికపాటి రాతి గుళికలు). నేలలో అయితే బంకమట్టిలో గొయ్యి తవ్వి ఇసుక నింపొద్దు, వానాకాలంలో ఆ గొయ్యిలో నీళ్ళు నిలిచిపోతాయి, దానికి బదులు అడుగు ఎత్తు దిబ్బలా మట్టి పోసి దాని మీద నాటండి. నాటిన వారానికి మొదటి నీళ్ళు, ఆ తర్వాత మట్టి పూర్తిగా ఆరాకే మళ్ళీ. నెల, నెలన్నరలో వేరు పడుతుంది, మెల్లగా కదిపి చూస్తే బిగిసినట్టు తెలుస్తుంది. తల పెద్దగా ఉన్న కొమ్మ అయితే మరుసటి చలికాలమో ఆ పై చలికాలమో పూస్తుంది. దారికి కనీసం నాలుగడుగుల దూరం పెట్టండి, పెరిగాక పక్కకి ఆరేడు అడుగులు విస్తరిస్తుంది. పొదలో మైట్ పూర్తిగా పోయిందని ఒక ఏడాది చూసుకునేదాకా ఇరుగుపొరుగుకి మాత్రం ఎవరికీ కొమ్మలు ఇవ్వకండి, ఎంత అడిగినా సరే.

ఇది నిండుగా పూస్తే ఎలా ఉంటుందో చూడాలంటే జనవరిలో ఒక ఆదివారం వాల్‌నట్ క్రీక్‌లో రూత్ బ్యాంక్‌రాఫ్ట్ గార్డెన్‌కి వెళ్ళండి, మీకు డ్రైవింగ్ దూరమే, రకరకాల అలోలు ఆ టైంలో పూసి ఉంటాయి, అత్తయ్యగారు అప్పటిదాకా ఉంటే తీసుకెళ్ళండి. అన్నాస్ హమ్మింగ్‌బర్డ్స్ కూడా కనపడతాయి, ఇవి మన శాన్ హోసే చుట్టుపక్కల బే ఏరియాలో ఏడాది పొడవునా ఉండే పిట్టలు, చలికాలంలో మిగతా పువ్వులు తక్కువున్నప్పుడు ఈ గొట్టం పువ్వుల తేనె వాటికి పెద్ద ఆధారం, ఆఫ్రికాలో ఇదే పువ్వు దగ్గరకి తేనెపిట్టలు వస్తాయి. పువ్వు కోసం నేను ఇంత పట్టుబట్టడానికి ఒక కారణం ఆ పిట్టలే, అవి కొన్ని డిసెంబర్ నుంచే గూళ్ళు కట్టడం మొదలుపెడతాయి, అప్పుడు మీ పెరట్లో ఇరవై కంకులుంటే వాటికి ఎంత సాయమో.

ఈ వారంలోనే గడ్డలు కోసేయండి, స్ప్రింక్లర్ తల తిప్పించండి, గార్డెనర్‌తో మాట్లాడండి. ఈ చలికాలానికి అవతలి వైపు కంకులే ఇంకొన్ని ఎక్కువ వస్తాయి, మీ వైపు నిండుగా రావాలంటే వచ్చే ఏడాది, బహుశా ఆ పై ఏడాది. కోసిన చోట్లు దగ్గరగా ఫొటో తీసి పంపండి, లోపలి భాగం శుభ్రంగా ఉందో లేదో చూసి చెప్తాను.